లేజరు గదిలో పసుపుకొమ్ము

మొన్నామధ్య కొత్తపేటలో ఒక కంటి ఆసుపత్రికి పోయాను. షుగరు ముదిరి కంటి వెనక పొరలో సన్నటి నాళాలు కారుతున్నాయని, లేజరుతో వాటిని మూసెయ్యాలని డాక్టరు చెప్పాడు. మన వయసు వాళ్ళలో ఈ మాట వినని వాళ్ళు తక్కువ కాబట్టి దీనికి బెంబేలు పడవలసింది ఏమీ లేదు. యంత్రం ముందు గడ్డం ఆనించి కూర్చోబెట్టిన అమ్మాయి, మా అమ్మాయి కన్నా రెండు మూడేళ్ళు పెద్దదేమో, నా తల వెనక పట్టీ బిగిస్తూ, "భయపడకుండ్రి అమ్మా, లేజర్ అంటే ఏం గాదు, పచ్చలైటు కొడ్తది, గంతే. జర కన్ను కదిలియ్యకుండ్రి" అని ధైర్యం చెప్పింది. ఒకప్పుడు నా కాలమంతా లేజర్లతోనే గడిచిందని ఆ పిల్లకి చెప్పబోయి, చెప్తే ఏమొస్తుందిలే అని ఊరుకున్నాను. పచ్చ వెలుగు కంట్లో కొట్టినప్పుడల్లా నొప్పికి బదులు పాత వాక్యూమ్ పంపు నూనె వాసన ముక్కుకి తగిలింది. ఆసుపత్రిలో ఆ వాసన ఉండే వీలు లేదని నాకు తెలుసు. తర్వాత కంట్లో వేసిన మందు దిగేదాకా వరండాలో బల్ల మీద కళ్ళు మూసుకుని కూర్చుంటే, తెలంగాణ ఉద్యమం ముదిరిన ఆ రెండేళ్ళూ ఒకదాని వెనక ఒకటి వచ్చి పక్కన కూర్చున్నాయి.

ఎల్బీనగర్ దాటి సాగర్ రోడ్డున తుర్కయంజాల్ వైపు పోతే, రోడ్డుకి బాగా లోపలగా మా పరిశోధన కేంద్రం ఉండేది. పిహెచ్.డి. పట్టా పుచ్చుకున్న వాళ్ళు అసలు ఉద్యోగం దొరికేలోపు చేసే పనిని పోస్ట్‌డాక్ అంటారు. అది చదువూ కాదు, ఉద్యోగమూ కాదు, సంబంధం ఖాయమై ముహూర్తం పెట్టని పెళ్ళి లాంటిది. నా పని ఉపగ్రహాల్ని వాటి దారిలో నిలబెట్టే చిన్న ఇంజను మీద. రాకెట్టు అనగానే అందరికీ మంటా పొగా గుర్తొస్తాయి గానీ మా ఇంజను అన్నం తినే పళ్ళెమంత ఉండేది. జెనాన్ అనే వాయువుకి కరెంటు ఎక్కించి, ఆ పరమాణువుల్ని మహావేగంగా వెనక్కి తోసేస్తుంది, ఆ తోపుకి ఉపగ్రహం ముందుకి కదులుతుంది. ఆ తోపు ఎంతంటే, అరచేతిలో నాలుగు తెల్లకాగితాలు పెట్టుకుంటే తెలిసే బరువంత. మా అన్న ఒకసారి ఇదంతా విని, "గింత దానికి గంత చదువా చెల్లే" అన్నాడు. అంతరిక్షంలో గాలి అడ్డు ఉండదు కాబట్టి ఆ కాస్త తోపునే నెలల తరబడి తోస్తే చాలని చెప్పాను, వాడు తలూపాడు గానీ నమ్మినట్టు లేదు.

ఆ పరమాణువులు ఎంత వేగంగా పోతున్నాయో కొలవడమే నా పని. వాటి దారిలో ఏ కడ్డీ పెట్టినా వాటి పోకడే మారిపోతుంది కాబట్టి ముట్టుకోకుండా, కాంతితో కొలవాలి. మనకి ఎదురొచ్చే బస్సు హారను ఒక రకంగా, దాటిపోయాక ఇంకో రకంగా వినపడినట్టే, పరిగెత్తే పరమాణువుకి లేజరు రంగు కొద్దిగా మారి కనపడుతుంది. తనకి నచ్చిన రంగు తగిలితే అది సన్నటి పచ్చ వెలుగు చిమ్ముతుంది. ఏ రంగు దగ్గర చిమ్మిందో చూస్తే దాని వేగం తెలుస్తుంది. చిక్కల్లా ఏమిటంటే మేము వాడే లేజరు కంటికి కనపడదు. కనపడే వెలుగైతే రెప్ప దానంతటదే మూసుకుంటుంది, కనపడని వెలుగు కంట్లో పడినా రెప్ప కదలదు, లోపల పొర కాలిపోయాక గాని సంగతి తెలియదు. అందుకని మా సారు, ఏదో ప్రభుత్వ ప్రయోగశాలలో జీవితమంతా పనిచేసి రిటైరై వచ్చిన పెద్దమనిషి, ఒక నియమం పెట్టారు. లోపలికి పోయేవాళ్ళు మెరిసేది ఏదీ ఒంటి మీద ఉంచుకోకూడదు. ఉంగరం, గడియారం, గాజులు, గొలుసు, ఆఖరికి చొక్కాకి ఇనప గుండీ ఉన్నా సరే. వంగినప్పుడు గొలుసు ఊగి, దాని మీద లేజరు పడి, పక్కవాడి కంట్లోకి పోతే ఎవరు జవాబుదారీ అనేవారు. గది బయట గూట్లో మూతున్న స్టీలు డబ్బా ఒకటి ఉండేది. రోజూ పొద్దున నా గాజులూ, పుస్తెలతాడూ, ఫోనూ అందులో పెట్టి, కళ్ళద్దాలు తగిలించుకుని లోపలికి పోయేదాన్ని. సాయంత్రం మళ్ళీ వేసుకుని ఇంటికొచ్చేదాన్ని. ఇంట్లో ఎవరికీ చెప్పలేదు, ఎవరూ అడగనూ లేదు.

ఇక ఇంటి సంగతి. మాది నల్లగొండ పక్క ఊరు. మా ఆయన వాళ్ళది గుంటూరు పక్క. యూనివర్సిటీలో కలిసి చదువుకుని పెళ్ళి చేసుకున్నాం. ఆయన దిల్‌సుఖ్‌నగర్‌లో ఒక కోచింగ్ సెంటర్లో లెక్కలు చెప్పేవాడు. మన్సూరాబాద్‌లో మా మామగారు ఎప్పుడో కట్టిన ఇల్లు, పైన కిరాయికి ఒక కుటుంబం, కింద మేమూ, మా అత్తమ్మా, నాలుగేళ్ళ మా పాప. మామగారు పోయి చాలా కాలమైంది. పాప పుట్టాక నేను పరిశోధన ఆపేశాను, మళ్ళీ అవకాశం వచ్చేసరికి నా వయసు వాళ్ళందరూ ఎక్కడెక్కడో ప్రొఫెసర్లై కూర్చున్నారు. ఈ రెండేళ్ళ సీటు పోతే నాకు ఇంకొకటి రాదు. ఆ సంగతి నాకు తెలుసు, సారుకీ తెలుసు. పాపని పొద్దుటి నుంచి చీకటి పడేదాకా చూసుకునేది అత్తమ్మ కాబట్టి, నా లేజరూ, ఇంజనూ, వాక్యూమ్ చాంబరూ అన్నీ నిజానికి ఆవిడ మీద నడుస్తున్నాయి. ఆవిడ సంచి సర్దుకుంటే నా చదువు అక్కడితో సరి.

ఆవిడ సంచి సర్దుకునే రోజు దగ్గర పడుతున్నట్టే ఉండేది. ఆ రోజులు మీకు గుర్తుండే ఉంటాయి. పొద్దున పాలపాకెట్టు కన్నా ముందు బంద్ ఉందా లేదా అనే వార్త వచ్చేది. కాలనీలో సగం మంది గుంటూరు, కృష్ణా వాళ్ళు, సగం మంది నల్లగొండ వాళ్ళు, ఇన్నేళ్ళూ ఒకరింటి పచ్చడి ఒకరు తిన్నవాళ్ళు, కూరగాయల బండి దగ్గర మాట మార్చెయ్యడం మొదలుపెట్టారు. అత్తమ్మ అన్నగారు గుంటూరు నుంచి రోజూ ఫోను చేసి, అక్కడెందుకు, వచ్చెయ్యమనేవారు. ఆవిడ ఆ ఫోను పెట్టేశాక అటక మీద ఉన్న తన సంచి వైపు చూసేది. మా అన్నేమో ఉద్యమంలో తలమునకలుగా ఉండేవాడు. పుట్టింటికి పోతే, "ఆంధ్రోళ్ళ కోడలివి, నీకేం తెలుస్తది" అని ఎగతాళి, ఇంటికొస్తే, మీ అన్నయ్యా వాళ్ళూ ఇంకెన్నాళ్ళు ఆపుతారమ్మా రోడ్లు అని నిష్ఠూరం. నా పుస్తెలు రెండు, ఒకటి నల్లగొండ వాళ్ళు చేయించింది, ఒకటి గుంటూరు వాళ్ళు చేయించింది, రాష్ట్రం విడిపోతే తాడు ఎవరికిస్తారని మా ఆయన వేళాకోళమాడేవాడు. మొదట్లో నాకు రెండు పక్కలా కోపం వచ్చేది, తర్వాత ఏడుపొచ్చేది, ఆ తర్వాత ఏమీ రావడం మానేసింది. ఎవరు ఏమన్నా ఊఁ అనేదాన్ని. మంచిదే అయింది, పని మీద ధ్యాస ఉంటుందని కూడా అనుకున్నాను. కాలు తిమ్మిరెక్కితే గిల్లినా తెలియదు కదా, అలా ఉండేది లోపల.

తెలంగాణ కోసం సమ్మె మొదలయ్యాక కరెంటు కోతలు వచ్చాయి. గనుల్లో బొగ్గు ఆగిందన్నారు. మా చాంబరు ఒక పెద్ద ఇనప పీపా. లోపల అంతరిక్షంలో లాగా శూన్యం కావాలంటే పంపులు రోజుల తరబడి ఆగకుండా గాలి లాగుతూ ఉండాలి. మధ్యలో కరెంటు పోయి జనరేటరు అందుకోకపోతే, అంతవరకూ లాగిందంతా వృథా. అలా ఎన్నిసార్లు మొదటికొచ్చామో నేను లెక్కపెట్టుకోలేదు. సారు మాత్రం ప్రతిసారీ కుర్చీలో కూర్చుని కళ్ళద్దాలు తుడుచుకుని, "సరే, మళ్ళీ మొదలెడదామమ్మా" అనేవారు. ఇంజను మాది కాదు, వేరేవాళ్ళు ఎరువిచ్చింది, నెలాఖరుకి తిరిగి పంపెయ్యాలి. అది పోయేలోపు కొలత రాకపోతే రెండేళ్ళ పనికీ చూపించడానికి ఏమీ ఉండదు. అట్లాంటి సమయంలో ఒక వారం కరెంటు దేవుడి దయ వల్ల నిలిచింది, శూన్యం కుదిరింది, ఇక రేపు ఇంజను వెలిగిద్దామనుకున్నాం. ఆ రేపే బంద్.

పొద్దున్నే నన్ను తన బండి మీద తీసుకుపోయింది మా అన్నే. "పొద్దుగాల్నే పోదాం చెల్లే, తర్వాత తొవ్వ ఆపేది మేమే" అన్నాడు. నన్ను కేంద్రం గేటు దగ్గర దింపి, వెనక్కి పోయి ఎల్బీనగర్ చౌరస్తాలో తన వాళ్ళతో రోడ్డు మీద కూర్చున్నాడు. నేను గాజులూ పుస్తెలూ ఫోనూ డబ్బాలో పెట్టి లోపలికి పోయాను. ఇంజను వెలిగింది. చాంబరు కిటికీలోంచి చూస్తే నీలం వెలుగు, గ్యాస్ పొయ్యి మంటంత నిశ్శబ్దంగా, వెనక్కి సన్నగా సాగుతూ. నేను లేజరు దారి సరిచేస్తూ ఉండగా సారు తలుపు బయటి నుంచి పిలిచారు. ఆయనెప్పుడూ మధ్యలో పిలవరు. బయటికి పోతే మా అన్న నిలబడి ఉన్నాడు, మెడలో కండువా అట్లాగే ఉంది. మా ఆయన కోచింగ్ సెంటరుకి పోయాడట, బంద్ రోజు కూడా షట్టరు సగం దించి క్లాసులు చెప్పేవాళ్ళు, తిరిగొస్తూ రోడ్డు మూసి ఉందని సరూర్‌నగర్ చెరువు పక్క సందుల్లోంచి రాబోయి, తడి మట్టిలో స్కూటరు జారి కరెంటు స్తంభానికి కొట్టుకున్నాడట. తలకి దెబ్బ, తెలివి లేదు, కొత్తపేట దవాఖానలో వేశారని ఎవరో మా అన్నకి ఫోను చేశారు. నేను కోటు విప్పి కుర్చీ మీద వేసి అన్న బండెక్కాను.

చౌరస్తాలో జనం మధ్యలోంచి పోవాల్సి వచ్చింది. టైర్లు కాలుతున్నాయి. మా అన్న బండి దిగకుండానే, "జర తొవ్వ ఇయ్యుండ్రి, మా బావకు దెబ్బ తాకింది" అని కేకేశాడు. వాళ్ళు లేచి జరిగారు, ఒకాయన నీళ్ళ సీసా నా చేతికిచ్చాడు కూడా. ఆ బావ ఏ ఊరివాడో ఎవరూ అడగలేదు. నేను ఆ సీసా పట్టుకుని కూర్చున్నాను. భయం వెయ్యాలని నాకు తెలుసు, వెయ్యలేదు. లేజరు మూత వేశానా లేదా అని మాత్రం ఆలోచిస్తున్నాను.

ఆసుపత్రిలో నన్ను ఒక్కదాన్నే లోపలికి రానిచ్చారు. తలకి కుట్లు వేసి ఉన్నాయి, కళ్ళు మూసుకుని ఉన్నాడు, స్కాను బాగానే ఉందనీ, మత్తు మందు వల్ల నిద్రపోతున్నాడనీ, మోకాలి కింద ఎముక విరిగింది కాబట్టి సాయంత్రం ఆపరేషన్ చేస్తామనీ డాక్టరు చెప్పాడు. ఒక సిస్టరు ఆయన చొక్కా, గడియారం, ఒంటి చెప్పూ ప్లాస్టిక్ కవర్లో వేసి నా చేతికిచ్చింది. చొక్కా నెత్తుటితో గట్టిపడిపోయి ఉంది. ఆ కవరు పట్టుకుని తలుపు తోసుకుని బయటికొచ్చాను.

ఎదురుగా వరండా ఆ చివర మా అత్తమ్మ వస్తోంది. పక్కింటివాళ్ళు ఏదో చెప్పీ చెప్పకుండా చెప్తే, పాపని పైవాటా వాళ్ళకి అప్పగించి, బంద్ కాబట్టి ఆటోలు దొరక్క మన్సూరాబాద్ నుంచి నడిచి వచ్చింది. కాళ్ళు వాచి ఉన్నాయి. నన్ను చూసి ఆగిపోయింది. ముందు నా మెడ చూసింది, తర్వాత నా చేతులు చూసింది, తర్వాత ఆ కవర్లో కొడుకు చొక్కా చూసింది. నా ముఖంలో ఏడుపు లేదు, ఏమీ లేదు. నాకేమో ఆవిడ ఎందుకు అట్లా చూస్తోందో అర్థం కాలేదు, ఒంటి మీద ఏమున్నాయో ఏం లేవో నాకు స్పృహ లేదు. ఆవిడ నెమ్మదిగా దగ్గరికొచ్చి బోసిగా ఉన్న నా మెడ మీద చెయ్యి పెట్టింది. ఆ చెయ్యి చల్లగా ఉంది. గుండెలు బాదుకోలేదు, కింద పడలేదు. నా తల తన భుజానికి ఆనించుకుని, చెవి దగ్గర అంది. "నేనున్నానమ్మాయ్. ఎక్కడికీ వెళ్ళను. పిల్లని నేను చూసుకుంటాను. నువ్వు మాత్రం నీ పని మానెయ్యకు. అందరూ మానెయ్యమంటారు, నేను మానేశాను, నువ్వు మానొద్దు."

మామగారు బతికున్న రోజుల్లో అత్తమ్మ సరూర్‌నగర్‌లో ఒక బడిలో టీచరుగా చేసేదని నాకు తెలుసు. ఆయన పోయాక పెద్దవాళ్ళు గడప దాటొద్దంటే మానేసిందనీ విన్నాను. దాని గురించి ఆవిడ నోట ఒక్క ముక్క నేను వినలేదు, ఆ వరండాలో తప్ప. ఆ మాటలు విన్నాక కూడా నాకు వెంటనే తట్టలేదు. చెయ్యి మెడ దగ్గరికి పోయి, అక్కడ ఏమీ తగలక, అప్పుడు తెలిసింది. "అత్తమ్మా, ఆయన బాగనే ఉన్నడు. కాలిరిగింది. గొలుసు ల్యాబుల తీసిపెట్టిన" అన్నాను. ఇంట్లో ఆవిడతో ఎప్పుడూ పుస్తకంలో భాష మాట్లాడే నేను, ఆ వేళ మా ఊరి మాటల్లోకి జారిపోయాను.

ఆవిడ నా వంక చూసి, గోడ పట్టుకుని నేల మీద కూర్చుండిపోయి, రెండు చేతులా లెంపలు వేసుకుంది. తర్వాత లోపలికి పోయి కొడుకు ఛాతీ లేచి పడుతుండడం చూసి వచ్చి, నాకు దూరంగా ఇంకో బల్ల మీద కూర్చుంది. కొడుకు బతికుండగానే పోయాడనుకున్నానే అని తన మీద కోపమో, అట్లా అనుకునేట్టు చేశానని నా మీద కోపమో నాకు తెలియలేదు. సాయంత్రం మా అన్న మళ్ళీ పోయి డబ్బాలోవి తెచ్చిస్తే, అత్తమ్మ తను ముట్టుకోకుండా పైవాటా ఆవిణ్ణి పిలిచి ఆమె చేత నా మెడలో వేయించింది. భర్త పోయినావిడ పుస్తెలు తాకకూడదని ఆవిడ పట్టింపు.

మా ఆయన్ని ఇంటికి తెచ్చాక గుంటూరు నుంచి ఫోన్లు ఎక్కువయ్యాయి. సంగతి ఎట్లా పొక్కిందో పొక్కింది. మొగుడుండగా పుస్తెలు తీసి డబ్బాలో పెడుతుందా, అందుకే ఇట్లా అయిందని ఆ పక్క వాళ్ళన్నారు. చోద్యమేమంటే మా పుట్టింటి వాళ్ళూ అదే అన్నారు, ఏళ్ళ తరబడి దేనికీ కలవని రెండు పక్కలూ ఈ ఒక్క విషయంలో కలిశాయి. అత్తమ్మ సంచి అటక మీంచి కిందికి దిగి మంచం పక్కకి చేరింది. నేను చూసి కూడా చూడనట్టు తిరిగాను. మంచాన పడ్డ మనిషి, నాలుగేళ్ళ పిల్ల, ఆవిడ పోతే నేను తుర్కయంజాల్ పోయే ప్రశ్నే లేదు. సారు ఒకసారి ఫోను చేసి, చాంబరు ఇంకా లాగుతూనే ఉంది, ఇంజను పోవడానికి కొద్ది రోజులే ఉంది, నీ వీలు చూసుకో అన్నారు. వీలు కాదేమో సార్ అని చెప్పాను. బాధగా ఉండాలి కదా అనుకున్నాను, ఇంకో మనిషి సంగతి అనుకున్నట్టు.

మర్నాడు పొద్దున అత్తమ్మ వంటింట్లోకి పిలిచింది. పీట మీద పసుపు రాసిన నూలుతాడు, దాని మధ్యలో పసుపుకొమ్ము కట్టి ఉంది. పుస్తెలు చేయించే స్తోమత లేని చోట, లేదా తాకట్టులోనో మరమ్మతులోనో ఉన్నప్పుడు, పసుపుకొమ్ము కట్టుకోవడం మనకి ఉన్నదే. కానీ దాన్ని ఆవిడ తన చేతులతో కట్టింది. "బంగారం మెరుస్తుందనేగా మీ సారు తీసెయ్యమన్నది. ఇది మెరవదు. వాడి చేత కట్టించుకుని వెళ్ళు" అంది. మీరు ఊరెళ్తారేమో అనుకున్నానంటూ నేను గదిలో మంచం పక్కనున్న సంచి వైపు చూశాను. ఆవిడ పొయ్యి మీద పాలు దించుతూ, నా వైపు తిరక్కుండానే జవాబిచ్చింది. "వాడు లేడనుకున్నప్పుడే ఉంటానన్నదాన్ని. వాడుండగా వెళ్ళిపోతానా." మంచం మీద కాలు ఎత్తుగా పెట్టుకుని పడుకున్న మా ఆయన, కుట్లు లాగుతుంటే మూలుగుతూ, రెండోసారి నాకు మూడు ముళ్ళు వేశాడు. ముడి సరిగా పడలేదని వాళ్ళమ్మ పక్క నుంచి విసుక్కుంది.

ల్యాబులో సారు ఆ పసుపుకొమ్ముని టేబుల్ లైటు కింద అటూ ఇటూ తిప్పించి, చాలా గంభీరంగా పరీక్షించి, "ఇది వెలుగుని చెదరగొడుతుందమ్మా, తిప్పికొట్టదు, ఫరవాలేదు. కోటు లోపల ఉంచుకో" అని తీర్పిచ్చారు. గోధుమరంగు గాజు కళ్ళద్దాల వెనక ఆయన నవ్వారో లేదో తెలియలేదు. ఇంజను తిరిగి పోయేలోపు ఒక రోజంతా కరెంటు నిలిచింది. తెర మీద గీత చాలాసేపు నేలబారుగా పోయి పోయి, ఒక చోట మెల్లగా లేచి, మళ్ళీ దిగింది. జెనాన్ పరమాణువులు పచ్చగా వెలిగిన చోటు అదే. సారు లేచి నిలబడ్డారు, పక్కన పనిచేసే కుర్రాళ్ళు చప్పట్లు కొట్టారు, నేను ఇంకోసారి చూద్దామన్నాను. సంతోషం రాలేదని కాదు, ఎక్కడో దూరాన ఎవరింట్లోనో బాజాలు మోగుతున్నట్టు వినపడింది. ఇంటికొచ్చి అత్తమ్మకి చెప్తే, "అయితే అది ఎంత వేగంగా పోతోంది?" అని అడిగింది. ఆ ప్రశ్న వేసింది మా రెండు కుటుంబాల్లోనూ ఆవిడొక్కర్తే. చెప్పాను. "అంత వేగంగా ఎక్కడికో" అని పాపకి జడ వేస్తూ ఉండిపోయింది.

ఆ కొలతతో ఒక వ్యాసం అచ్చయింది. పోస్ట్‌డాక్ అయిపోయాక నేననుకున్న ఉద్యోగం రాలేదు, అప్పటికే నా వయసు దాటిపోయింది. ఒక ఇంజనీరింగ్ కాలేజీలో ఫిజిక్సు చెప్పుకుంటూ ఇన్నేళ్ళూ గడిపాను, ఇంకా చెప్తున్నాను. అది చిన్న పనని నేననుకోను. రాష్ట్రం వచ్చింది. మా అన్న రోడ్డు మీద కూర్చున్న చౌరస్తా కిందా పైనా వంతెనలతో ఇప్పుడు గుర్తుపట్టలేనట్టుంది, వాడికి మోకాళ్ళ నొప్పులొచ్చి నేల మీద కూర్చోలేకపోతున్నాడు. గుంటూరు పక్క వాళ్ళెవరూ కాలనీ వదిలి పోలేదు, ఆ రోజులు ఎవరైనా గుర్తుచేస్తే అందరూ నవ్వేసి మాట మారుస్తారు. పాప ఇంటర్లో ఉండగా అత్తమ్మ ఒక మధ్యాహ్నం పేపరు చదువుతూ చదువుతూ పోయింది. ఇప్పుడు ఈ ఊళ్ళో ఆడపిల్లలు రాకెట్లు చేసే కంపెనీల్లో పనిచేస్తున్నారు, నా దగ్గర చదివిన వాళ్ళూ ఉన్నారు. వాళ్ళ మెడల్లో ఏమీ ఉండదు, ఉందా లేదా అని ఎవరూ చూడరు, అది చూసి ఎవరూ ఎవరి కథా చెప్పరు. మంచి మార్పే. నాకు ఆ మార్పు మీద ఫిర్యాదు ఏమీ లేదు.

మా ఆయన నిజంగా పోయింది నిరుడు. గుండెపోటు. అదే వరసలో ఇంకో ఆసుపత్రి, అట్లాంటిదే ఇంకో వరండా. అప్పుడు నా మెడలో పుస్తెలు ఉన్నాయి, చేతులకి గాజులు ఉన్నాయి. రెండు పక్కల చుట్టాలూ వచ్చారు, ఇల్లు నిండిపోయింది. అందరూ మంచివాళ్ళే, అందరూ నా మేలు కోరేవాళ్ళే. ఇంకెందుకమ్మా ఆ కాలేజీ, ఎవరికోసం, విశ్రాంతి తీసుకో అన్నారు. నేను ఎప్పటిలాగే ఊఁ అన్నాను. అంటూనే, వచ్చిన ప్రతి మనిషి ముఖంలోకీ చూశాను. ఇంకో మాట చెప్పేవాళ్ళు ఎవరైనా ఉన్నారేమోనని. నా కన్నకూతురు కూడా, పాపం నా మీది ప్రేమతోనే, నేను చదివే ఊరికి వచ్చెయ్యి అంది గాని ఆ మాట అనలేదు. అప్పుడు ఏడిచాను. మొగుడు పోయినందుకు ఏడుస్తోందనుకుని అందరూ ఓదార్చారు, నేనూ కాదనలేదు. కొడుకు చచ్చిపోయాడని పూర్తిగా నమ్మిన నిమిషంలో నా పని గురించి తలచుకున్న మనిషి కోసం ఏడుస్తున్నానని వాళ్ళకి ఎట్లా చెప్పను. కర్మకాండలయ్యాక ఒక సోమవారం పొద్దున, నువ్వు మానొద్దని నాకు నేనే చెప్పుకుని, తాళం వేసి కాలేజీకి బయల్దేరాను.